నీళ్లలో వాలలేని సముద్రపక్షి

బూబీ అనే సముద్రపక్షి పొద్దంతా వేటాడి, పొట్టనిండా చేపలతో సాయంత్రానికి దీవి వైపు వస్తుంటుంది. గూట్లో పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది. ఒడ్డు ఇంకాస్త దూరం ఉందనగా పైనుంచి ఒక నల్లటి పక్షి దిగుతుంది. సన్నగా పొడవుగా ఉండే రెక్కలు, కత్తెరలా చీలిన తోక, కొసన కొక్కెంలా వంగిన ముక్కు. బూబీ ఎటు తిరిగితే అదీ అటే తిరుగుతుంది. ముక్కుతో బూబీ తోకను పట్టి లాగుతుంది, రెక్క కొసను పట్టి గాల్లోనే పల్టీ కొట్టిస్తుంది. ఆ టెన్షన్ తట్టుకోలేక బూబీ మింగిన చేపను కక్కేస్తుంది. చేప నీళ్లను తాకేలోపే నల్లపక్షి కిందికి దూకి దాన్ని అందుకుని పైకి వెళ్లిపోతుంది. కోడిపిల్లను గద్ద తన్నుకుపోవడం మనకు తెలుసు గానీ, కడుపులోకి వెళ్లిన తిండిని కూడా కక్కించి లాక్కునే పక్షి ఇది.

దీని పేరు ఫ్రిగేట్ పక్షి. ఫ్రిగేట్ అంటే వేగంగా పోయే యుద్ధనౌక. పాతకాలపు నావికులు ఈ దోపిడీ చూసే ఆ పేరు పెట్టారు. 1492 సెప్టెంబర్ 29న కొలంబస్ ఓడ అట్లాంటిక్ మధ్యలో ఉండగా ఈ పక్షి కనబడిందని ఆయన ప్రయాణ దినచర్యలో ఉంది. బూబీల చేత కక్కించి తింటుందని, సముద్రపు పక్షే అయినా నీటి మీద వాలదని, నేలకు ఇరవై లీగుల దూరం దాటి పోదని అందులో రాసుకున్నారు. మొదటి రెండు మాటలూ నిజం. మూడోది పూర్తిగా తప్పు. ఇరవై లీగులంటే నూరు కిలోమీటర్ల పైచిలుకు. ఈ పక్షి నేల కనబడకుండా వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి తిరుగుతుందని తేలడానికి ఇంకో ఐదు వందల ఏళ్లు పట్టింది.

దొంగ అన్న పేరు ఎంత స్థిరపడిపోయిందంటే, ఈ పక్షి గురించి ఎక్కడ చదివినా మొదట అదే వస్తుంది. పైన ఈ వ్యాసం మొదలైంది కూడా దానితోనే. కానీ లెక్క తీస్తే దోపిడీ దానికి పక్క సంపాదన మాత్రమే. దక్షిణ పసిఫిక్‌లోని హెండర్సన్ దీవిలో బూబీల వెంట పడే ఫ్రిగేట్ పక్షులను గమనించిన పరిశోధకులు, వాటి ఆహార అవసరంలో దోపిడీ వాటా సగటున 5 శాతం దగ్గరే ఉంటుందని అంచనా వేశారు. వెంటపడిన ప్రతిసారీ చేప దక్కదు కూడా. ఎక్కువ తిండి సొంతంగా పట్టుకున్నదే, ముఖ్యంగా ఎగిరే చేపలు, స్క్విడ్‌లు అనే మెత్తటి ఒంటి సముద్రజీవులు. సూర చేపలు, అంటే ట్యూనా, గుంపుగా కింద నుంచి తరిమినప్పుడో, డాల్ఫిన్లు తరిమినప్పుడో ఎగిరే చేపలు ప్రాణభయంతో నీళ్లలోంచి గాల్లోకి లేస్తాయి. సరిగ్గా అప్పుడే పైనుంచి ఫ్రిగేట్ పక్షి దిగి ముక్కుతో అందుకుంటుంది. నీటిపైకి వచ్చిన స్క్విడ్‌ను తీసుకునేటప్పుడు కూడా ముక్కు కొస ఒక్కటే తడుస్తుంది, ఒళ్లు తడవదు.

తడిస్తే ప్రమాదం. ఈ పక్షి జీవితంలో వింతగా కనిపించే ప్రతి సంగతీ చివరికి ఆ ఒక్క విషయం దగ్గరికే వచ్చి ఆగుతుంది.

బాతు నీళ్లలోంచి బయటికొచ్చినా ఒళ్లు పొడిగా ఉండటానికి కారణం తోక మొదట్లో ఉండే నూనె గ్రంథి. ఆ నూనెను ముక్కుతో ఈకలకు రాసుకుంటుంది. ఫ్రిగేట్ పక్షికి ఆ గ్రంథి మరీ చిన్నది, ఈకలకు నీరు పట్టకుండా కాపాడేంత నూనె రాదు. మన చెరువుల్లో నీటికాకి మునిగి లేచాక బండ మీద రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చోవడం చూస్తుంటాం. దానికీ ఈకలు తడుస్తాయి, అయినా ఈదడానికి బలమైన కాళ్లున్నాయి, ఆరబెట్టుకోవడానికి బండ ఉంది. ఫ్రిగేట్ పక్షి నీటికాకికి చుట్టమే గానీ, దాని కాళ్లు కురచ, వేళ్ల మధ్య చర్మం సగమే ఉంటుంది, నేల మీద సరిగ్గా నడవను కూడా నడవలేదు. నడిసముద్రంలో పడితే ఆ పొడవాటి తడి రెక్కలను కొట్టుకుని మళ్లీ పైకి లేవడం దాదాపు అసాధ్యం. చేప బతికేది నీళ్లలో, ఆ చేపను తిని బతికే పక్షికి ఆ నీళ్లే గండం.

ఇంత పెద్ద లోటును పెట్టుకుని అది సాధించింది ఏమిటంటే, తేలిక. ఫ్రిగేట్ పక్షుల్లో ఐదు జాతులున్నాయి. వాటిలో ఎక్కువ అధ్యయనం జరిగిన గొప్ప ఫ్రిగేట్ పక్షి బరువు కిలో నుంచి కిలోన్నర వరకు, ఒక మోస్తరు నాటుకోడి అంత. రెక్కలు చాపితే మాత్రం రెండు మీటర్ల పైమాటే, మనిషి పడుకునే మంచం కన్నా పొడుగు. ఎముకలన్నీ బోలు. ఎండిన అస్థిపంజరం మొత్తం తూచినా దాని ఈకల కన్నా తక్కువ బరువు తూగుతుంది. శరీరం బరువుతో పోలిస్తే రెక్కల విస్తీర్ణం ఇంత ఎక్కువగా ఉన్న పక్షి ప్రపంచంలో మరొకటి లేదు. గాలిపటం ఎందుకు ఎగురుతుందో ఇదీ అందుకే ఎగురుతుంది, కాకపోతే దారం పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు. (గొప్ప ఫ్రిగేట్ పక్షి శాస్త్రీయ నామం ఫ్రెగాటా మైనర్. మైనర్ అంటే చిన్నది. 1789లో పేరు పెట్టినప్పుడు దాన్ని వేరే పెద్ద పక్షితో పోల్చారు. నియమం ప్రకారం మొదట పెట్టిన పేరే ఉండాలి కాబట్టి అది ఇప్పటికీ పేరుకు చిన్నది, వాడుకలో గొప్పది.)

సముద్రం మీద రెక్క ఆడించకుండా ఎగరడం అనగానే అందరూ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షిని తలుచుకుంటారు. రెండింటి పద్ధతులకూ పొంతన లేదు. ఆల్బట్రాస్‌లు ఎక్కువగా ఉండేది దక్షిణార్ధగోళపు చల్లటి సముద్రాల్లో. అక్కడ ఎప్పుడూ హోరుగాలే. నీటికి దగ్గరగా గాలి నెమ్మదిగా, పైన వేగంగా ఉంటుంది. ఆ తేడాను వాడుకుంటూ అది అలల మీద పైకీ కిందికీ ఊగుతూ పోతుంది. అలసిపోతే నీటి మీద వాలి కూర్చుంటుంది. ఫ్రిగేట్ పక్షి భూమధ్యరేఖకు రెండు వైపులా ఉన్న వెచ్చటి సముద్రాలకు చెందింది. దాని ఇంధనం వీచే గాలి కన్నా పైకి లేచే గాలి.

వేడెక్కి పైకి లేచే గాలి మన ఊళ్లలోనూ ఉంది. ఎండాకాలం పదిగంటలు దాటాక గద్దలు రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోవడం అందుకే. పొద్దు వాలితే నేల చల్లబడుతుంది, గాలి లేవడం ఆగిపోతుంది, గద్దలు చెట్టెక్కుతాయి. ఉష్ణమండల సముద్రంలో లెక్క వేరు. నీరు పగలైనా రాత్రైనా ఇంచుమించు ఒకే వెచ్చదనంతో ఉంటుంది. దాని మీదుగా వీచే వ్యాపార పవనాలు అంతకన్నా కాస్త చల్లగా ఉంటాయి. పొయ్యి మీద గిన్నెలో అడుగునున్న నీళ్లు వేడెక్కి పైకి వచ్చినట్టు, సముద్రాన్ని తాకిన గాలి వెచ్చబడి ఇరవై నాలుగు గంటలూ పైకి లేస్తూనే ఉంటుంది. అర్ధరాత్రి కూడా ఆగని లిఫ్ట్ అన్నమాట. ఫ్రిగేట్ పక్షి దాంట్లో చుట్లు తిరుగుతూ ఎత్తుకు చేరుతుంది, అక్కడి నుంచి జారుకుంటూ ముందుకు పోతుంది, కిందికి వచ్చాక ఇంకో చోట మళ్లీ ఎక్కుతుంది.

ఇది ఎంత దూరం సాగుతుందో 2016లో బయటపడింది. ఆఫ్రికాకూ మడగాస్కర్‌కూ మధ్య ఉన్న మొజాంబిక్ జలసంధిలో యూరోపా అనే చిన్న దీవి ఉంది. అక్కడి గొప్ప ఫ్రిగేట్ పక్షులకు ఫ్రెంచ్ శాస్త్రవేత్త హెన్రీ వైమర్‌స్కిర్ష్ బృందం చిన్న ట్రాన్స్‌మిటర్లు కట్టి, ఎక్కడున్నాయో, ఎంత ఎత్తులో ఉన్నాయో, గుండె ఎంత వేగంతో కొట్టుకుంటోందో, రెక్క ఎప్పుడు ఆడిస్తున్నాయో అన్నీ నమోదు చేసింది. రోజుకు సగటున నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఒక పిల్లపక్షి రెండు నెలలకు పైగా ఎక్కడా వాలకుండా గాల్లోనే ఉంది. హిందూ మహాసముద్రం మధ్యలో, భూమధ్యరేఖకు దగ్గరగా గాలి ఆడని ఒక పట్టీ ఉంటుంది. తెరచాప ఓడలు అందులో చిక్కుకుని రోజుల తరబడి కదలకుండా నిలిచిపోయేవి. ఈ పక్షులు ఆ పట్టీలోకి దూరకుండా దాని అంచు పట్టుకుని పెద్ద పెద్ద చుట్లు తిరిగాయి. అంచున మంచి గాలి ఉంటుంది, దూదిపింజల్లాంటి మబ్బులూ ఉంటాయి.

ఆ మబ్బులతో అవి చేసే పని మరీ విడ్డూరం. దూదిపింజ మబ్బు అంటే పైకి లేచిన గాలి ఎక్కడ చల్లబడి, అందులోని ఆవిరి సన్నటి నీటి బిందువులుగా మారిందో చూపించే గుర్తు. మబ్బు కింద గాలి లేస్తుంది, మబ్బు లోపల ఇంకా వేగంగా లేస్తుంది. విమానం అందులోకి వెళ్తే కుదుపులు మొదలవుతాయి, పైలట్ బెల్టులు పెట్టుకోమంటాడు. ఫ్రిగేట్ పక్షులు కావాలని అందులోకి దూరుతున్నాయి. మామూలుగా కొన్ని వందల మీటర్ల ఎత్తులో తిరిగే పక్షి మబ్బు లోపలి గాలిని పట్టుకుని 4,000 మీటర్లు దాటి ఎక్కినట్టు రికార్డయింది. అక్కడ చలి గడ్డకట్టే దగ్గరికి వస్తుంది, ఆక్సిజన్ పలచబడుతుంది. వెచ్చటి సముద్రంలో పుట్టి పెరిగిన, దళసరి ఈకలు లేని పక్షి అది. అంత ఎత్తుకు వెళ్లినందుకు దక్కే లాభం ఏమిటంటే, అక్కడి నుంచి రెక్క కొట్టకుండా పదుల కిలోమీటర్లు జారుకుంటూ పోవచ్చు. అలా పోతున్నప్పుడు గుండె దాదాపు గూట్లో కూర్చున్నప్పటి వేగంతోనే కొట్టుకుంది. ఎగరడం దానికి విశ్రాంతితో సమానం అంటే అతిశయోక్తి కాదు.

విశ్రాంతి సరే, నిద్ర మాటేమిటి? పక్షులు ఎగురుతూ నిద్రపోతాయని చాలామంది చాలా ఏళ్లుగా ఊహించారు. నీటి మీద వాలలేని పక్షి వారాల తరబడి ఎగురుతోందంటే ఎక్కడో ఒకచోట కునుకు తీయాలి కదా. దీన్ని కూడా 2016లోనే తేల్చారు. నిద్రపై పరిశోధన చేసే నీల్స్ రాటెన్‌బోర్గ్ బృందం పసిఫిక్‌లోని గాలాపగోస్ దీవుల్లో గూటిలో పిల్లలున్న ఆడ ఫ్రిగేట్ పక్షుల తలపై మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే చిన్న పరికరం అమర్చింది. అవి మేతకు వెళ్లి, కొన్ని పది రోజుల దాకా తిరిగి, మూడు వేల కిలోమీటర్ల వరకు ఎగిరి వచ్చాయి. పరికరంలో ఉన్నది చూస్తే గాల్లోనే నిద్రపోయాయని తేలింది. కాకపోతే రోజుకు సగటున 42 నిమిషాలు మాత్రమే, అదీ కొన్ని సెకన్ల చొప్పున చిన్న చిన్న కునుకులుగా, అదీ చీకటి పడ్డాకే. నేల మీదికి వచ్చాక మాత్రం రోజుకు పన్నెండు గంటలకు పైగా పడుకున్నాయి.

ఎక్కువగా మెదడులో ఒక సగమే నిద్రపోతుంది, రెండో సగం మెలకువగా ఉంటుంది. మెలకువగా ఉన్న సగానికి కలిసిన కన్ను తెరిచి ఉంటుంది, అదీ పక్షి ఏ వైపు తిరుగుతోందో ఆ వైపు కన్నే. గాలిలో గుండ్రంగా ఎక్కేటప్పుడు ఎదురొచ్చే పక్షిని గుద్దుకోకుండా చూసుకోవడానికి కావచ్చు. ఒక్కోసారి మెదడు రెండు సగాలూ నిద్రలోకి జారాయి, అప్పుడు కూడా పక్షి కింద పడలేదు. కునుకు తీసింది కూడా చాలావరకు పైకి ఎక్కేటప్పుడే. జారేటప్పుడు ప్రతి క్షణం నీరు దగ్గరవుతూ ఉంటుంది, ఎక్కేటప్పుడు ఆ భయం లేదు. అన్నిటికన్నా ఆలోచించాల్సింది ఆ 42 నిమిషాల సంగతి. రెండు సగాలతోనూ నిద్రపోగలిగినప్పుడు రాత్రంతా ఎందుకు పడుకోలేదు? రాత్రుల్లో కూడా కింద సముద్రాన్ని గమనిస్తూ, మర్నాటి మేత ఎక్కడ దొరుకుతుందో వెతుక్కుంటూ ఉంటాయని పరిశోధకుల అభిప్రాయం. ఇంత తక్కువ నిద్రతో పది రోజులు ఎలా నెట్టుకొస్తుందన్నది నిద్ర లేక తూలిపోయే మనుషులకు పెద్ద ప్రశ్నే.

గాల్లో ఇంత స్వేచ్ఛగా బతికే పక్షి నేల మీదికి వచ్చేసరికి చాలా నెమ్మదస్తురాలు. జత కట్టే కాలంలో మగపక్షులు చిన్న చెట్ల మీదో పొదల మీదో గుంపుగా చేరతాయి. మగదాని గొంతు కింద ముడుచుకుని ఉండే ఎర్రటి చర్మపు సంచి ఉంటుంది. దాన్ని గాలితో నింపడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది. నిండాక తిరునాళ్లలో అమ్మే ఎర్ర బుడగ ఒకటి ఛాతీకి కట్టుకున్నట్టుంటుంది. పైన ఆడపక్షి పోతుంటే మగవన్నీ ఒక్కసారిగా తలలు పైకెత్తి, రెక్కలు విప్పి వణికిస్తూ, ముక్కును టకటకలాడిస్తాయి. ఆ చప్పుడు సంచిలో మోగి డప్పులా వినిపిస్తుంది. ఆడది పైనుంచే అందరినీ చూసుకుని, నచ్చినదాని పక్కన దిగుతుంది. గూటికి పుల్లలు తేవడం మగదాని వంతు, పేర్చడం ఆడదాని వంతు. ఆ పుల్లల్లో పక్కింటివీ ఉంటాయి. కాపలా లేని గూడు కనబడితే క్షణాల్లో పుల్లలు మాయమవుతాయి.

గుడ్డు ఒక్కటే. దాన్ని తల్లీ తండ్రీ వంతులేసుకుని దాదాపు 55 రోజులు పొదుగుతాయి. ఈకలు లేకుండా పుట్టే పిల్లను వారాల తరబడి ఒక్క నిమిషం వదలకుండా కాయాలి, వదిలితే పొరుగు ఫ్రిగేట్ పక్షే ఎత్తుకుపోయి తింటుంది. పిల్లకు రెక్కలొచ్చి ఎగరడానికి ఐదారు నెలలు. అయినా పని పూర్తికాదు. ఎగరడం వచ్చిన పిల్ల కూడా సాయంత్రం గూటికి వచ్చి తిండి కోసం అరుస్తుంది. ఒక్కోసారి ఏడాదికి పైగా ఇలా పెట్టాల్సిందే. పక్షుల్లో ఇంతకాలం పిల్లను సాకేవి దాదాపు లేవు. కారణం ఊహించడం కష్టం కాదు. నీటిని తాకకుండా చేపను పట్టడం పుట్టుకతో వచ్చే విద్య కాదు. పిల్లపక్షులు గాల్లోకి ఒక పుల్లనో, ఆకునో, నాచు ముక్కనో తీసుకెళ్లి వదిలేస్తాయి, అది పడుతుండగా కిందికి దూకి పట్టుకుంటాయి, మళ్లీ వదులుతాయి. ఒకటి వదిలితే ఇంకొకటి పట్టుకుంటుంది. చూడటానికి ఆట, నిజానికి ట్రైనింగ్.

ఈ భారం పంచుకోవడంలో జాతికొక తీరు. అమెరికా తీరాల్లో ఉండే మాగ్నిఫిసెంట్ ఫ్రిగేట్ పక్షుల్లో పిల్లకు సుమారు మూడు నెలలు రాగానే మగది గూడు వదిలి వెళ్లిపోతుంది. మిగతాదంతా తల్లే చూసుకోవాలి. అందుకే ఆడది రెండేళ్లకోసారే గుడ్డు పెట్టగలదు. గొప్ప ఫ్రిగేట్ పక్షి మొదటి గుడ్డు పెట్టేసరికే ఎనిమిది తొమ్మిదేళ్ల వయసు వస్తుంది. ముప్పై ఏళ్లు బతికినా, అన్నీ కలిసొచ్చినా, జీవితకాలంలో మహా అయితే పది పన్నెండు గుడ్లు పెడుతుంది. అందులో ఎన్ని పిల్లలై ఎగురుతాయన్నది వేరే లెక్క.

దీన్నిబట్టి ఈ పక్షి బలహీనత ఎక్కడుందో తెలుస్తుంది. తుపాన్లను తప్పించుకోగలదు, సముద్రాలు దాటగలదు. దానికి కావాల్సింది మాత్రం గూడు పెట్టుకోవడానికి ఎవరూ కదిలించని నాలుగు చెట్లు, ఏడాదిపాటు. అవి పోతే ఎంత ఎగిరినా లాభం లేదు. క్రిస్మస్ ఫ్రిగేట్ పక్షి అనే జాతి ప్రపంచం మొత్తంలో ఒక్క క్రిస్మస్ దీవిలోనే గూడు పెడుతుంది. ఇండోనేషియాకు దక్షిణంగా ఉన్న ఆ ఆస్ట్రేలియా దీవిలో పందొమ్మిదో శతాబ్దం చివర ఫాస్ఫేట్ తవ్వకాలు మొదలయ్యాయి. అడవిలో పెద్ద భాగం పోయింది, తవ్వకాల దుమ్ము గూళ్లున్న చెట్ల మీద పేరుకుంది. మేతకోసం జావా సముద్రం దాటి వెళ్లే పక్షికి పిల్లను పెంచడానికి మరో చోటు లేదు.

పసిఫిక్ దీవుల జనానికి ఈ పక్షి మీద ఎప్పటినుంచో మమకారం. నౌరూలో మచ్చిక చేసిన పక్షులను ఎరగా పెట్టి, బరువు కట్టిన తాడు గాల్లోకి విసిరి ఫ్రిగేట్ పక్షులను పట్టడం ఒక సంప్రదాయ క్రీడ. ఎంత దూరం పోయినా తన కొమ్మకు తిరిగొస్తుందన్న నమ్మకంతో కొన్ని దీవుల్లో ఉత్తరాలు పంపడానికి కూడా వాడారు. కిరిబాటి దేశం జెండాలో ఉదయిస్తున్న సూర్యుడి మీద ఎగిరేది ఇదే. మన భారతదేశపు తీరాల్లో ఇవి గూళ్లు పెట్టవు. ఋతుపవనాల ఈదురుగాలికి కొట్టుకొచ్చినవి అప్పుడప్పుడు, ఎక్కువగా పడమటి తీరంలో, కనిపిస్తే ఆ రోజు పక్షి ప్రేమికులకు పండగే.

నేల పోతే ఏమవుతుందో, తిరిగొస్తే ఏమవుతుందో చూడాలంటే అట్లాంటిక్ మధ్యలోని అసెన్షన్ దీవి కథ చూడాలి. ఆ దీవికే పరిమితమైన ఫ్రిగేట్ జాతి చెట్ల మీద కాకుండా ఉత్త నేల మీదే గుడ్డు పెడుతుంది. అక్కడ పక్షులను వేటాడి తినే జంతువులు ఉండేవి కావు కాబట్టి అది సాగింది. 1815లో నెపోలియన్‌ను సెయింట్ హెలెనా దీవిలో బందీగా ఉంచిన బ్రిటిష్ ప్రభుత్వం, ఆయన్ని ఎవరూ విడిపించుకు పోకుండా దాదాపు 1,300 కిలోమీటర్ల దూరంలోని అసెన్షన్‌లో కూడా సైనికులను దించింది. ఎలుకల బాధకు పిల్లులను తెచ్చారు. పిల్లులు ఎలుకలతో పాటు పక్షి పిల్లలనూ తినడం మొదలుపెట్టాయి. కొన్నాళ్లకు దీవి మీద ఒక్క ఫ్రిగేట్ గూడూ మిగల్లేదు. పక్షులన్నీ ఒడ్డుకు కొద్ది దూరంలో, పిల్లులు చేరలేని బోట్‌స్వెయిన్‌బర్డ్ అనే చిన్న బండ దీవి మీద ఇరుక్కుని నూటయాభై ఏళ్లకు పైగా అక్కడే కాలం గడిపాయి.

2002లో అసెన్షన్‌లో అడవిపిల్లుల్లా తిరిగే ఆ పిల్లులను ఏరివేసే పని మొదలుపెట్టి 2004కల్లా ముగించారు. మిగతా సముద్రపక్షులు త్వరగానే ప్రధాన దీవి మీదికి తిరిగొచ్చాయి. ఫ్రిగేట్ పక్షులు మాత్రం పైన తిరుగుతూనే ఉన్నాయి గానీ దిగలేదు. 2012 చివర్లో ఎండిపోయిన లావా నేల మీద, రాళ్ల మధ్య, గుడ్డు మీద కూర్చున్న ఆడపక్షి కనిపించింది. గొప్ప ఫ్రిగేట్ పక్షికి చెప్పుకున్న ఎనిమిది తొమ్మిదేళ్ల లెక్కే ఈ జాతికీ వర్తిస్తే, ఆ తొలి గూళ్లలో పుట్టి బతికి బట్టకట్టిన పిల్ల ఏదైనా ఉంటే, అది తన మొదటి గుడ్డు పెట్టే వయసుకు వచ్చింది ఈ మధ్యనే.